తాడు వదలండి

నలభై మూడేళ్లు వచ్చేదాకా ఆమె గుర్రం ఎక్కలేదు. అప్పటికి ఆమె చేత్తో కుట్టిన జీనులు నాలుగు వందల పైచిలుకు గుర్రాల వీపుల మీద తిరుగుతున్నాయి. అందరూ ఆమెను జీనమ్మ అనేవారు. అసలు పేరు ఒకటి ఉంది గానీ, ఆస్పత్రి కాగితాల మీద తప్ప దానితో ఎవరికీ పని పడలేదు.

నాలుగో ఏట వచ్చిన జ్వరం పోతూ పోతూ రెండు కాళ్లలోని సత్తువను మూటగట్టుకుపోయింది. అప్పట్నుంచీ చంకల కింద రెండు కర్రలే ఆమె నడక. కాళ్లలో పోయినదంతా చేతుల్లోకీ నోట్లోకీ చేరిందని వాళ్ల నాన్న అనేవాడు. చేతుల మాట నిజమే. మందపాటి తోలులో ఆరె గుచ్చి, మైనం రాసిన దారాన్ని రెండు వైపుల నుంచీ లాగి బిగిస్తే ఆ కుట్టు మనిషి తరం దాటి నిలిచేది. నోటి మాట కూడా నిజమేనని బేరాలకు వచ్చినవాళ్లు చెప్పేవారు.

దుకాణం వీధిలోకి తెరుచుకునే ఒక పొడవాటి గది. గోడ వారన తోలు చుట్టలు, కిటికీ కింద పని బల్ల, మధ్యలో జీనులు ఎక్కించి చూసుకోవడానికి ఒక కొయ్య గుర్రం. దానికి తల లేదు, తోక లేదు, వీపు మాత్రమే ఉంది. నాన్నకు డెబ్బై దాటాయి. చూపు తగ్గింది గానీ గొప్పలు తగ్గలేదు. "మా కుట్టు తెగిందని ఈ గడప తొక్కినవాడు ఇంతవరకు లేడు" అని వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. విన్నవాళ్లకే మళ్లీ చెప్పేవాడు.

ఒకరోజు ఒక పెద్దమనిషి జీను తెచ్చి బల్ల మీద పడేశాడు. ఎడమకు వాలుతోందన్నాడు. జీనమ్మ దాన్ని కొయ్య గుర్రం మీద బిగించి, ఆయన్ను ఎక్కి కూర్చోమంది. కూర్చున్నాడు. వాలుతున్నది జీను కాదు, ఆయన. ఆ మాటే చెప్పింది.

"ఎప్పుడైనా గుర్రం ఎక్కావా నువ్వు?" అన్నాడాయన. "ఎక్కనిదానివి, నాకు కూర్చోవడం నేర్పుతావా?"

ఆడలేక మద్దెల ఓడు అన్నాడని నాన్న నవ్వేసి మర్చిపోయాడు. జీనమ్మ మర్చిపోలేదు. ఆయన అన్నది అన్యాయమైతే ఊరుకునేది. అందులో సగం నిజం ఉంది, అందుకే ముల్లులా దిగింది. తెల్లారగానే కర్రలు పట్టుకుని స్వారీ బడికి వెళ్లింది.

స్వారీ బడి కార్యదర్శి చెడ్డవాడు కాదు. అదే పెద్ద ఇబ్బంది. చెడ్డవాడితో పోట్లాడి గెలవచ్చు. ఆయన కుర్చీ వేయించాడు, మంచినీళ్లు ఇప్పించాడు, ఆమె చెప్పిందంతా తల ఊపుతూ విన్నాడు. "మీలాంటివాళ్ల కోసం ఆదివారం పొద్దున ప్రత్యేకంగా పెడుతున్నామమ్మా. గుర్రాన్ని తాడుతో మా మనిషి నడిపిస్తాడు. పావుగంట. ఫొటో కూడా తీసి ఇస్తాం" అన్నాడు.

సరే, ముందు ఎక్కడమంటూ జరగాలి కదా అనుకుంది. ఆదివారం నాడు బడిలో స్వారీ నేర్పే ట్రైనరూ, లాయం మనిషీ కలిసి ఆమెను ఎత్తు అరుగు మీది నుంచి ఒక ముసలి ఆడగుర్రం మీదికి చేర్చారు. దాన్ని అందరూ దొరసాని అంటారు. ఎవరు ఎక్కినా ఒకసారి వెనక్కి తిరిగి చూసి, వీళ్లా అన్నట్టు మొహం తిప్పుకుంటుంది.

దొరసాని నడిచింది. దాని వీపు అటూ ఇటూ ఊగుతుంటే జీనమ్మ నడుము కూడా ఒక్కో అడుగుకూ ఒక్కో వైపు కదిలింది. కుడి, ఎడమ, కుడి, ఎడమ. నడిచేవాళ్లకు నడుములో ఇలా ఉంటుందా అనుకుంది; జ్వరానికి ముందు తను నడిచిన నడక ఆమెకు గుర్తే లేదు. నలభై మూడేళ్లలో ఎవరూ ఆమెకు ఈ సంగతి చెప్పలేదు, చెప్పాలని ఎవరికి తోస్తుంది? కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషమూ, ఇన్నాళ్లూ తనకిది దక్కనందుకు ఒళ్లు మండే కోపమూ కలిసే వచ్చాయి.

అయితే ముందు తాడుంది. తాడు చివర లాయం మనిషి ఉన్నాడు. అతను ఫోన్లో బావమరిదితో మాట్లాడుకుంటూ నడుస్తున్నాడు. అతను ఆగితే దొరసాని ఆగుతుంది, అతను తిరిగితే తిరుగుతుంది. పైన జీనమ్మ బదులు బియ్యం బస్తా ఉన్నా ఆ ప్రయాణంలో తేడా ఏమీ ఉండేది కాదు. ఆరు ఆదివారాలు బస్తాలా కూర్చుంది. ఏడో ఆదివారం దిగి, నేరుగా కార్యదర్శి గదికి వెళ్లింది.

"తాడు తీసేయించండి సార్."

"తాడు లేకుండా తిరగాలంటే పరీక్ష పాసవ్వాలమ్మా. పాసైనవాళ్లే ఒంటరిగా గుర్రాన్ని బయటికి, ఏటి గట్టు దారికి తీసుకెళ్లవచ్చు. అందరికీ అదే నియమం."

"అయితే పరీక్షకు నా పేరు రాసుకోండి."

ఆయన నవ్వాడు. వెక్కిరింపు నవ్వు కాదు, జాలి నవ్వు. "మీ మంచికే చెబుతున్నాను" అన్నాడు. ఈ మాటకు విరుగుడు ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు. కనిపెట్టేదాకా జీనమ్మ చేసింది ఒకటే, కుర్చీలోంచి లేవలేదు. మధ్యాహ్నం భోజనానికి ఆలస్యమవుతోందని ఆయన నియమాల పుస్తకం తీసి, రెండు షరతులు చదివాడు. ఇంకొకరి చెయ్యి లేకుండా ఆమె జీనులో నిటారుగా కూర్చోగలగాలి. ఏ పట్టీ కూడా మనిషిని గుర్రానికి కట్టేయకూడదు, మనిషి పడితే పట్టీ దానంతట అదే ఊడాలి. "పట్టుకోవాలి, పట్టుకోకూడదు. రెండూ కుదిరే జీను ఉంటే తీసుకురండి, పేరు రాస్తాను" అని పుస్తకం మూసేశాడు. కుదరదని ఆయన ధీమా. జీను కుట్టేదానితో ఆ మాట అనకూడదని ఆయనకు తెలియదు.

మూడు నెలలు పట్టింది. తన ఒంటికి తానే కొలతలు తీసుకుంది. పొట్టలో బలం చాలదు కాబట్టి జీను వెనక భాగాన్ని జానెడు ఎత్తు లేపి, నడుముకు ఆనేలా మెత్త కుట్టింది. తొడలు ముందుకు జారకుండా ముందొక దిమ్మ, వెనకొక దిమ్మ అమర్చింది. పాదం రికాబులోంచి అవతలికి దూరి ఇరుక్కోకుండా రికాబు ముందు తోలు తొడుగు వేసింది. పగ్గాలకు మెట్లు మెట్లుగా పట్టీలు కుట్టింది, చేతులు జారినా ఏదో ఒక మెట్టు దొరుకుతుంది. కాలితో డొక్కలో పొడిచి గుర్రానికి చెప్పవలసిన మాటలు చెప్పడానికి రెండు పొడుగాటి సన్నని బెత్తాలు, ఈ చేతికొకటి, ఆ చేతికొకటి. మధ్యలో రెండుసార్లు అంతా విప్పి మళ్లీ కుట్టింది. బయటి పనులు ఆలస్యమయ్యాయని వచ్చినవాళ్లకు నాన్న అబద్ధాలు చెప్పాడు.

చివరికి తొడ పట్టీ దగ్గర ఆగింది. అది తొడను జీనుకు ఆనించి ఉంచాలి, పడితే వదిలెయ్యాలి. బకిల్ వదలదు. ఆలోచించి ఆలోచించి, నొక్కితే అంటుకుని లాగితే ఊడే వెల్క్రో తెచ్చింది. దాన్ని చూసి నాన్న మొహం మాడ్చుకున్నాడు.

"బడిపిల్లల చెప్పులకు వేసేది మన జీనుకా?"

"ఊడుతుంది కాబట్టే తెచ్చాను."

"ఊడేదాన్ని పట్టీ అనరు" అని ఆయన అటు తిరిగి కూర్చున్నాడు.

మొదటిసారి తాడు లేకుండా ఎక్కింది స్వారీ బడి వెనకున్న చిన్న ఆవరణలో. ట్రైనర్ ముప్ఫై ఏళ్ల అమ్మాయి, జీనమ్మను అక్కా అనేది. తన బాధ్యత మీద ఒప్పుకుంది; ఇంటి దగ్గరే అంటించి తెచ్చిన తొడ పట్టీల్లోంచి జీనమ్మ కాళ్లు దూర్చి కూర్చోబెట్టింది. దొరసాని చక్కగానే నడిచింది. రెండో చుట్టులో గాలికి షెడ్డు రేకు ఒకటి దడదడలాడింది. దొరసాని పక్కకు ఒక్క గెంతు గెంతింది. జీనమ్మ కుడివైపుకు ఒరిగి పడింది. ఎడమ తొడ పట్టీ ఊడింది, కుడి తొడ పట్టీ ఊడలేదు. తల కిందికి, కాలు పైకి వేలాడుతూ నాలుగు గజాలు ఈడ్చుకుపోయింది. దొరసాని ముసలిది కాబట్టి, తెలివైనది కాబట్టి ఆగింది. పడుచు గుర్రమైతే ఈ కథ ఇక్కడితో సరి.

ట్రైనర్ పరుగున వచ్చి పట్టీ కోసి కిందికి దించింది. భుజం చెక్కుకుపోయి రక్తం కారుతోంది. జీనమ్మ భుజం వైపు చూడలేదు. కోసిన పట్టీ చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూసింది. వెల్క్రో రెండు పొరల్నీ కలుపుతూ చివర నాలుగు కుట్లు ఉన్నాయి. తోలు రంగు దారం, కొద్దిగా కుడికి వాలిన కుట్లు. ఆ చెయ్యి ఎవరిదో ఆమెకు పుట్టినప్పట్నుంచీ తెలుసు.

ఇంటికి వచ్చి పట్టీని బల్ల మీద పెట్టింది.

"ఇవి ఎప్పుడు వేశావు నాన్నా?"

 ఆమె భుజం మీది కట్టు చూశాడు, పట్టీ చూశాడు. "చేత్తో లాగితే చెర్రుమని ఊడొచ్చింది. దాన్ని నమ్ముకుని నువ్వు అంతెత్తున కూర్చుంటావా? నాలుగే వేశాను. ఒకవైపే వేశాను. పడకుండా ఉంటావని."

"పడితే పడాలి. పడి గుర్రానికి వేలాడకూడదు."

"యాభై ఏళ్లుగా ఊడకుండా కుట్టడమే నాకు తెలుసు."

"అయితే ఊడేటట్టు కుట్టడం నేర్చుకో."

తండ్రితో అలా మాట్లాడినందుకు ఆమెకు గుండెలో కలుక్కుమంది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. ఆయన ఆ పూట అన్నం తినలేదు. సాయంత్రం మాత్రం లేచి వచ్చి కుట్టు విప్పే కత్తితో ఆ నాలుగు కుట్లూ ఒక్కొక్కటిగా తెంపాడు. తన కుట్టును తానే తెంపడం ఆయన జీవితంలో అదే మొదటిసారి.

మర్నాడు అసలు పని మొదలైంది. కొయ్య గుర్రం చుట్టూ పరుపులు పరిచారు. జీనమ్మ పైకెక్కి పట్టీలు అంటించుకుని కూర్చుంది. ఊరికే వాలితే పట్టీ ఊడకూడదు, మనిషి బరువు జీను దాటి పోతే ఊడాలి. ఎంత వెడల్పు వెల్క్రో వేస్తే అలా జరుగుతుందో తెలియాలంటే ఎవరో ఒకరు తొయ్యాలి.

"తొయ్యి నాన్నా."

"నా వల్ల కాదు."

"నీకంటే నమ్మకమైనవాడు ఎవరున్నారు? తొయ్యి."

తోశాడు. ఆమె కొంచెం వాలి, మళ్లీ లేచి కూర్చుంది. "అది తొయ్యడమా? నిద్ర లేపుతున్నావా?" అంది. రెండోసారి కళ్లు మూసుకుని తోశాడు. దబ్బున పరుపు మీద పడింది, పట్టీ ఆలస్యంగా వదిలింది. ఒక వేలు వెడల్పు తగ్గించారు. మళ్లీ. ఎదురింటావిడ గుమ్మంలోంచి తొంగిచూసి, "అయ్యో, ముసలితనంలో ఇదేం బుద్ధి, కూతుర్ని అలా తోసేస్తున్నారేం?" అంది. "పని చేసుకుంటున్నామమ్మా, అడ్డం రాకు" అని నాన్న కసిరాడు. అంతలోనే ఆయన పనివాడైపోయాడు. పట్టీ తీసి చూసి, "ఇటు అర వేలు తీస్తే చాలు, అటు ఉండనీ" అన్నాడు. ఇరవయ్యో సారికో ఇరవై ఒకటో సారికో, ఆమె ఎంత వాలినా పట్టీ పట్టుకుని ఉంది, పడగానే రెండు వైపులా ఒక్కసారే వదిలేసింది. పరుపు మీద వెల్లకిలా పడుకుని జీనమ్మ నవ్వుతూనే ఉంది. నాన్న కూడా పక్కన కూలబడ్డాడు, ఆయన మొహమంతా తడిగా ఉంది.

తర్వాత రెండు నెలలు రోజూ పొద్దున ఆవరణలో సాధన చేసింది. మూడుసార్లు పడింది. మూడుసార్లూ ఇసుకలోనే పడింది, వేలాడలేదు. ప్రతిసారీ ట్రైనర్‌ను మళ్లీ ఎక్కించమంది.

పరీక్ష నాడు కార్యదర్శి స్వయంగా జీను తనిఖీ చేశాడు. పరీక్ష పెట్టేదీ ఆయనే. వెనక మెత్త నొక్కి చూశాడు, దిమ్మలు కదిపి చూశాడు, తొడ పట్టీ పట్టుకుని లాగాడు. అది ఊడి చేతిలోకి వచ్చింది. రెండోదీ లాగాడు, అదీ వచ్చింది. "బాగానే ఉంది" అన్నాడు.

జీనమ్మ పైకెక్కి బరిలోకి దిగబోతుంటే లాయం మనిషి తాడు తెచ్చి కళ్లేనికి తగిలించాడు. "ఊరికే పక్కన నడుస్తానమ్మా, పట్టుకోనులే. సార్ చెప్పారు, ఎందుకైనా మంచిదని."

"తాడు వదలండి."

అతను కార్యదర్శి వైపు చూశాడు.

"ఆయన్ను చూడకండి. గుర్రం మీద ఉన్నది నేను. వదలండి."

తాడు తీసేశాడు. జీనమ్మ కుడి బెత్తంతో తట్టింది, దొరసాని కదిలింది.

పది అంశాలు, ఒక్కోదానికి పది మార్కులు. అరవై వస్తే పాస్. నడక బాగా వచ్చింది. పెద్ద చుట్టు గుండ్రంగానే వచ్చింది. చిన్న పరుగులో ఒళ్లంతా ఎగిరెగిరి పడ్డా జీను ఆమెను జారనివ్వలేదు. ఎనిమిదో అంశం బరి మధ్యలో ఆగడం. పది లెక్కపెట్టేదాకా గుర్రం కదలకూడదు. ఆరు దగ్గరే దొరసానికి విసుగు పుట్టి రెండు అడుగులు వేసింది. జీనమ్మ పగ్గాలు బిగించి ఆపింది గానీ, కదిలింది కదిలిందే. మిగతావి ముగించి ఆమె బయటికి వచ్చేసరికి బరి చుట్టూ గట్టు మీద కూర్చున్నవాళ్లంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పొద్దుట్నుంచీ పదకొండు మంది స్వారీ చేశారు. ఇంకెవరికీ ఎవరూ లేచి నిలబడలేదు.

మార్కుల కాగితాలు వరసగా బోర్డు మీద అంటించారు. జీనమ్మకు అరవై ఒకటి. ట్రైనర్ ఎగిరి గంతేసి ఆమెను వాటేసుకుంది. నాన్న కళ్లజోడు తుడుచుకుని అంకె మళ్లీ చదివాడు. జీనమ్మ ఒక్కో వరసా వేలు పెట్టి చూసుకుంటూ పోయి ఎనిమిదో వరస దగ్గర ఆగింది. పక్కనే ఉన్న, పొద్దున కొత్త బూట్లతో వచ్చిన అబ్బాయి కాగితంలో కూడా ఎనిమిదో వరస చూసింది. బోర్డు మీంచి తన కాగితం పీకి, కర్రలు టకటకలాడించుకుంటూ కార్యదర్శి బల్ల దగ్గరికి వెళ్లింది.

"ఆగడానికి ఏడు వేశారు సార్."

"అవునమ్మా. చాలా బాగా చేశారు."

"గుర్రం ఆరుకే కదిలింది. పొద్దున కొత్త బూట్ల అబ్బాయిది ఎనిమిదికి కదిలితే మూడు వేశారు."

ఆయన గొంతు తగ్గించాడు. "మీ పరిస్థితిలో అంత చేయడమే గొప్ప. అందరూ లేచి చప్పట్లు కొట్టారు, చూశారుగా. పాసయ్యారు. ఇక వదిలేయండి."

"నా కాళ్లకు కావలసినదంతా జీనులో పెట్టుకున్నాను. మార్కుల్లో పెట్టకండి."

"దిద్దితే పోతుందమ్మా."

"తెలుసు."

నిజంగానే తెలుసు. ఏటి గట్టు దారి కళ్లముందు ఉంది. ఎల్లుండి పొద్దున ఆ దారిలో దొరసాని మీద వెళ్లడం అప్పటికే మనసులో పదిసార్లు అయిపోయింది.  ఈ కాగితంతో ఆ దారిలో వెళ్తే మాత్రం, కంటికి కనబడని తాడు పట్టుకుని ఈయన ముందు నడుస్తూనే ఉంటాడు. 

కార్యదర్శి నాన్న వైపు తిరిగాడు. "పెద్దవారు, మీరైనా చెప్పండి."

నాన్న కూతురి వైపు చూశాడు.  "గుర్రం ఎక్కింది అమ్మాయి. నన్ను అడుగుతారేం?" అన్నాడు.

కార్యదర్శి కలం తీసి ఏడు కొట్టేశాడు. మూడు వేశాడు. ఆమె కదలకుండా చూస్తుంటే ఆ మూడు కూడా కొట్టేసి, రెండు వేశాడు. మొత్తం యాభై ఆరు. కింద అచ్చులో ఉన్న రెండు వాక్యాల్లో ఒకటి కొట్టేసి, రెండోది ఉంచి సంతకం పెట్టాడు. ఆయనకు కోపం వచ్చింది. ఆమెతో ఆయన కోపంగా ఉండటం అదే మొదటిసారి, జీనమ్మకు అది బాగానే అనిపించింది.

"అభ్యర్థి ఉత్తీర్ణులు కాలేదు. మూడు నెలల తర్వాత మళ్లీ హాజరు కావచ్చు." జీనమ్మ రెండుసార్లు చదువుకుంది. ట్రైనర్ ఏడుస్తోంది. "ఎందుకక్కా ఇలా చేశావు?" అంటే, "ఆ దొరసానికి పది దాకా లెక్కపెట్టడం నేర్పకుండా నువ్వేం చేశావు?" అంది. అనేసి తనూ కళ్లు తుడుచుకుంది.

అవతల రేకుల షెడ్డు కింద గుమాస్తా కేక పెట్టాడు. "తప్పినవాళ్లు ఇటు రండి, తర్వాతి పరీక్షకు పేర్లు రాసుకోవాలి." కొత్త బూట్ల అబ్బాయీ, ఇంకో నలుగురూ వరసగా నిలబడ్డారు. జీనమ్మ వెళ్లి వాళ్ల వెనక నిలబడింది. గుమాస్తా ఆమెను చూసి లేచాడు.

"మీరు ముందుకు రండమ్మా. కూర్చోండి, కుర్చీ వేయిస్తాను."

"నా ముందు ఐదుగురు తప్పారు బాబూ. వాళ్లవి రాయండి" అంది జీనమ్మ. కర్రలు సర్దుకుని, తన వంతు వచ్చేదాకా అక్కడే నిలబడింది.